వైద్యుని చీటి, యంత్రపు చీటి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ ఇరువదియైదేండ్ల పండుగనాడు నన్ను మాటాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, భారతమునుండియో, వసుచరిత్రమునుండియో ఏదేని ఘట్టమును వివరింతునని వారు తలచియుందురు. బడిలో నేను చదివినది స్వల్పము. పద్యమన నేమో, ప్రబంధమన నేమో ఈ గ్రంథాలయపు బీరువాలే నాకు నేర్పినవి. ఆ ఋణము తీరునది కాదు. అయినను నేడు పద్యముల జోలికి పోను. ఊరి లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను. నాకు నిక్కముగ తెలిసిన విద్య ఒక్కటియే: ఒక కాగితములోని అంకె మరియొక కాగితములోనికి మారకుండ చేరినదా, లేదా యని చూచుట. ఆ విద్యను ఆధారము చేసికొని, వైద్యశాలలలో రక్తపరీక్షలకై వైద్యుడిచ్చు ఆజ్ఞ చీటిమీదనుండి కంప్యూటరులోనికి ఎట్లు మారుచున్నదో, అందువలన మనబోంట్లకు కలుగు మేలేమో, కీడేమో ముచ్చటించెదను. లెక్కల పంతులుకు వైద్యముతో పనియేమని వెనుక వరుసలోనివారు నవ్వుకొనుచున్నారు. ఆ పని నాకెట్లు తటస్థించినదో ముందుగా విన్నవించెదను.

కొన్నేండ్ల క్రిందట మా అమ్మకు కాళ్లు వాచినవి. పట్టణములోని ఒక వైద్యశాలకు తీసికొనిపోయితిని. దాని పేరు చెప్పను. అట్టిది ఎచ్చటనైనను జరుగదగినదే. వైద్యుడు పరీక్షించి, చిన్న చీటిమీద మూడు పరీక్షలు వ్రాసియిచ్చెను. రక్తము తీయు గదివద్ద కుఱ్ఱవాడొకడు పెద్ద పుస్తకములో పేరును వయస్సును వ్రాసికొని, రసీదుమీద 141 అని వేసి నాచేతి కిచ్చెను. సాయంకాలము కిటికీవద్ద మా అమ్మ పేరు పిలిచిరి. నేను లేచి కాగితము తీసికొంటిని. వైద్యుడు దానిని చూచి, కొంతసేపు మాటాడక, క్రియాటినిన్ ఆరు దాటినదనియు, మూత్రపిండములు దాదాపుగా పనిచేయుట లేదనియు చెప్పెను. ఒకటికి అటునిటుగ నుండవలసిన అంకె యది.

ఆ పిమ్మట మూడు రాత్రులు మా యింట ఎవరికిని నిద్ర లేదు. రక్తశుద్ధికి ఏమగును, ఎన్నాళ్లు చేయించగలము, కాలువక్రింది అరయెకరము అమ్మినచో ఎంత వచ్చును అని నేను లెక్కలు వేయుచుంటిని. మా అమ్మ మంచముమీదినుండి, "నాకోసం పొలం అమ్మొద్దురా అబ్బాయీ, మీ నాన్న నిలబెట్టిన పొలం అది" అని ఒక్క మాటయే పలుమార్లు అనినది.

నాల్గవనాడు ఉదయమున, అలవాటు చొప్పున, ఆ ప్రయాణపు ఖర్చులు చిట్టాలో వ్రాయుటకై కాగితములు ముందు వేసికొంటిని. రసీదుమీద 141 అని యున్నది. పరీక్షా నివేదికమీద 147 అని యున్నది. పేరు ఒక్కటియే. ఇంటిపేరు మొదటి అక్షరమును ఒక్కటియే. వయస్సు మాత్రము రెండేండ్లు తక్కువ. కిటికీవద్ద పిలిచినది మా అమ్మను కాదు, అదే పేరుగల వేరొక తల్లిని. లేచిపోయి కాగితము పుచ్చుకొన్నవాడను నేను. ముప్పదియేండ్లుగా పరుల లెక్కలలో అంకెల తప్పులు పట్టుచున్న నేను, నా తల్లి కాగితముమీది అంకెను చూడలేదు.

వెంటనే వైద్యశాలకు పోయితిని. 141వ నెంబరు ఫలితము సరియైన కొలతలోనే యున్నది. కాళ్ల వాపు రక్తపోటునకు వాడుచున్న మాత్రవలన కలిగినదట. మాత్ర మార్చగా తగ్గెను. కాని 147 సంగతియేమి? ఆమెకు మా అమ్మ కాగితమిచ్చి, అంతయు బాగుగనున్నదని చెప్పి యింటికి పంపివేసిరి. పుస్తకములో ఫోను నెంబరు లేదు, ఊరిపేరు మాత్రమున్నది. ఒక మిత్రుని మోటారుసైకిలుమీద ఆ యూరికి పోయి, నలువురిని అడిగి, ఇల్లు కనుగొంటిని. ఆమె అరుగుమీద గోడకానుకొని కూర్చుండియుండెను. ముఖము ఉబ్బియుండెను, రెండు దినములనుండి తిన్నది నిలుచుట లేదనిరి. ఆ రాత్రియే వారు పెద్దాసుపత్రికి తీసికొనిపోయిరి. తరువాత ఆమెకు రక్తశుద్ధి అలవాటైనది. ఆ నాలుగు దినములు ముందుగ తెలిసియున్నచో ఏమగునో నేను చెప్పజాలను. అడుగుటకు ధైర్యమును చాలలేదు.

అప్పటినుండి ఈ విషయమునుగూర్చి దొరికినదెల్ల చదువుచుంటిని. తెలిసిన మొదటి సంగతి యిది. పరీక్షాశాలయందలి తప్పులలో అధికభాగము యంత్రము చేయునవి కావు. 1997లో ప్రకటితమైన, ఇటలీ దేశపు పాడువా పట్టణ వైద్యశాలలో జరిగిన పరిశోధన ననుసరించి నూటికి 68 పాళ్ల తప్పులు రక్తము యంత్రమునొద్దకు చేరకమునుపే జరిగినవి. అనగా చీటి వ్రాయుటలో, చదువుటలో, సీసామీద పేరు వేయుటలో, ఒకరికి బదులు మరియొకరి చేయి పట్టుటలో. మఱికొన్ని, మాకు జరిగినట్లు, ఫలితము వచ్చిన పిదప జరుగును. నడుమనున్న యంత్రము పాపము తన పని తాను చేయుచునేయుండును.

కంప్యూటరుద్వారా పరీక్ష కోరుట యనగా వైద్యుని చేతివ్రాతకు బదులు అచ్చువ్రాత యని మాత్రమే తలపరాదు. అది లెక్కల పద్ధతిలో ఒక మార్పు. రోగికి ఒక నెంబరుండును. వైద్యుడు తెరమీద ఆ నెంబరును తెరచి, కావలసిన పరీక్షను జాబితానుండి యెన్నుకొనును. వెంటనే ఆ ఆజ్ఞకు వేరొక నెంబరు పుట్టును. రక్తము తీయుచోట ఆ నెంబరు గీతల రూపమున, అనగా బార్‌కోడుగ, చిన్న కాగితముపై అచ్చుపడును. రక్తము తీసినవారు దానిని రోగి యెదుటనే గొట్టమునకు అంటింతురు. యంత్రము ఆ గీతలను చదివి, ఈ గొట్టమునకు ఏయే పరీక్షలు కోరిరని కంప్యూటరు నడిగి, వానినే చేసి, ఫలితమును అదే నెంబరుక్రింద జమకట్టును. నడుమ ఎవరును అంకెను తిరిగి వ్రాయరు. తిరిగి వ్రాసిన ప్రతిచోట ఒక తప్పునకు తావున్నదని చిట్టానుండి ఆవర్జాకు ఎక్కించు అలవాటుగల వారెల్లరెరుగుదురు.

గొట్టముల మూతలకు రంగులుండుట మీరు చూచియే యుందురు. అవి అందమునకు కావు. ఊదారంగు మూతగల దానిలో నెత్తురు గడ్డకట్టకుండ చేయు మందుండును, రక్తకణములను లెక్కించుటకది. బూడిదరంగు దానిలో ఫ్లోరైడు ఉండును. అది చక్కెర పరీక్షకు. ఫ్లోరైడు లేనిచో, తీసిన రక్తములోని కణములే ఆ చక్కెరను తినుచు గంటగంటకు తగ్గించివేయును. జంపనిలో తీసిన నెత్తురు తెనాలికో గుంటూరుకో చేరునప్పటికి చక్కెరవ్యాధి లేనట్లే కనిపించవచ్చును. పరీక్షను యెన్నుకొనగనే ఏ రంగు గొట్టము, ఎంత రక్తము, పరగడుపా కాదా యని తెర చెప్పును. క్రొత్తగా పనిలో చేరిన పిల్లకు ఇది గొప్ప సాయము.

గొట్టముమీది చిన్న కాగితమునకు ఇంత విలువయా యని యెవరైన ననవచ్చును. మన రైలుమార్గముననే భట్టిప్రోలు స్తూపమున్నది. 1892లో అలెగ్జాండరు రీ దొర అచ్చట త్రవ్వించగా రాతి కరండములు దొరికినవి. వానిమీద చెక్కిన అక్షరములున్నందుననే, అందలివి బుద్ధుని ధాతువులని రెండువేల యేండ్లకు పైబడిన పిదపకూడ మనము తెలిసికొనగలిగితిమి. అక్షరములు లేకున్నచో అవి ఎవరి యెముకలో! కరండమునకు పేరు చెక్కినవాడు మా వృత్తివాడేయని నా మురిపెము.

ఈ పద్ధతికి పూర్వచరిత్ర యున్నది. 1971లో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి ఎల్ కామినో వైద్యశాలలో, విమానములు చేయు లాక్‌హీడు సంస్థ నిర్మించిన కంప్యూటరు వ్యవస్థను నెలకొల్పిరి. వైద్యులు తామే తెరనుండి మందులను, పరీక్షలను కోరిన తొలి స్థలములలో అది యొకటి. పిదప ఇండియానాపోలిసులోని రీగెన్‌స్ట్రీఫ్ సంస్థవారు ఈ పనిలో పేరుగాంచిరి. ఒక పరీక్షను ఒక్కొక్క వైద్యశాల ఒక్కొక్క పేరుతో పిలుచుచుండగా, పరీక్షలన్నింటికి ప్రపంచమంతటికి చెల్లునట్లు సంకేతసంఖ్యలు నేర్పరచు పనిని 1994లో ఆరంభించినది వారే. దానిని లోయింక్ అందురు. ఒక్కొక్క పొలమునకు ఒక్కొక్క సర్వే నెంబరు వేసినట్లు.

ఆ సంస్థవారే 1990లో ప్రకటించిన ప్రయోగమొకటి మా వృత్తివానికి మిక్కిలి రుచించునది. వైద్యుడు తెరమీద పరీక్షను కోరునప్పుడు దాని ధరను, అప్పటివరకైన మొత్తమును ప్రక్కన చూపిరి. అంతియే. కోరవద్దని యెవరును చెప్పలేదు. అయినను ఒక్కొక్క రోగికి కోరిన పరీక్షలు నూటికి పదునాలుగు తగ్గినవి. ధర చూపుట మానిన పిదప ఆ భేదము సన్నగిల్లినది. మన పట్టణములలో ఈ ధర వైద్యునికి కనిపించదు. కిటికీవద్ద జేబు తడవుకొనువానికి మాత్రమే కనిపించును.

ఇచ్చట ఒక తెలుగువాని పేరు తలపక ముందునకు పోలేను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో పనిచేయుచు, ఫిస్కే అను ఆచార్యునితో కలిసి, రక్తములోను మూత్రములోను భాస్వరమును కొలుచు పద్ధతిని కనుగొనిరి. 1925లో ప్రకటితమైన ఆ పద్ధతి ఆ యిరువురి పేర నేటికిని పిలువబడుచున్నది. మూత్రపిండములు చెడినవారి నెత్తుట భాస్వరము పెరుగును. 147వ నెంబరు తల్లికి ఆ పరీక్షకూడ చేసియుందురని నేను తలచుచుందును.

ఇక మన యిండ్లవైపు వత్తము. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో రక్తపరీక్షలు ఉచితముగ చేయించుటకై 2016లో ఆంధ్రప్రదేశమునందు ఎన్టీయార్ వైద్యపరీక్ష యను పథకమును ఆరంభించిరి. తెలంగాణమున 2018లో హైదరాబాదు నారాయణగూడయందు తెలంగాణ డయాగ్నస్టిక్స్ అను కేంద్ర పరీక్షాశాల వెలసినది. 2021నుండి జిల్లాలకును విస్తరించినది. చిన్న ఆసుపత్రిలో రక్తము తీయుదురు, బండి వచ్చి గొట్టములను తీసికొనిపోవును, దూరముననున్న పెద్ద యంత్రము పరీక్షించును, ఫలితము వైద్యునికి తెరమీదను రోగికి ఫోనులోను చేరును. ఇట్టి యేర్పాటు చేతిచీటితో నడువదు. వందలకొలది ఆసుపత్రులనుండి వచ్చిన వేలకొలది గొట్టములలో ఒకే పేరుగల తల్లులు ఎందరుందురో యూహింపుడు. ఉపకేంద్రమున 14, ప్రాథమిక కేంద్రమున 63, జిల్లా ఆసుపత్రిలో 134 పరీక్షలు ఉచితముగ నుండవలెనని 2019లో కేంద్రమువారి మార్గదర్శకములు వెలువడినవి. కాగితముమీద నున్నవన్నియు ప్రతిచోట జరుగుచున్నవని నేను హామీ యీయజాలను. ఏవి యున్నవో అడుగు హక్కు మాత్రము మనకున్నది. 2021 సెప్టెంబరులో దేశమంతటికి ఆరంభమైన డిజిటల్ ఆరోగ్య కార్యక్రమమునందు మనిషికొక పదునాలుగంకెల సంఖ్య నిచ్చుచున్నారు. దానిని ఆభా యందురు. పేర్లు ఒక్కటియైనను ఈ సంఖ్యలు ఒక్కటి కావు.

మాకు జరిగిన దానిని ఈ పద్ధతి ఆపియుండునా? ఆపియుండుననియే నా నమ్మకము; బార్‌కోడువలన మాత్రమే కాదు. మా అమ్మకు ఎనిమిది మాసములకు ముందు అచ్చటనే క్రియాటినిన్ చూచియుండిరి. అప్పుడది సరిగానే యున్నది. కంప్యూటరులో వెనుకటి ఫలితము నిలిచియున్నచో, ఒకటి యున్నది ఒక్కసారిగ ఆరు దాటినదేమని అదియే నిలదీసియుండును. పాత పుటలోని నిల్వను క్రొత్త పుటకు తెచ్చి సరిచూచుట వంటిది ఇది. చీటికి వెనుకటి నిల్వ లేదు. ప్రతి చీటియు నిన్న పుట్టినట్లే యుండును.

ఇంతవరకు పొగడితిని. లెక్కవాడు రెండవ ప్రక్కను చూపకుండుట ధర్మము కాదు.

రామాయణమున లక్ష్మణుడు మూర్ఛిల్లినప్పుడు సుషేణుడు కోరిన ఓషధులు నాలుగు. పేర్లు చెప్పెను, ఉన్న చోటును చెప్పెను. ఆజ్ఞలో లోపము లేదు. పోయినవాడు ఆ మూలికలను గుర్తింపలేక కొండనే పెల్లగించి తెచ్చెను. హనుమంతుడు గనుక తేగలిగినాడు, కొండకు వెల లేదు గనుక చెల్లినది. నేడు తెరమీద ఒక్క మీట నొక్కిన "పూర్తి శరీర పరీక్ష" యని నలుబది, యేబది పరీక్షలు ఒకేసారి లేచివచ్చును. ఒక్కొక్కటి చేతితో వ్రాయవలసియున్నప్పుడు వైద్యుని చేయి నొప్పి పుట్టి నాల్గింటితో ఆగెడిది. కొండను పెల్లగించుట ఇప్పుడు మూలికను వెదకుటకంటె సులభమైనది. కొండమోత కూలి మాత్రము రోగి యిచ్చుకొనవలెను. 2025లో కుప్పమున ఆరోగ్య వివరములను కంప్యూటరున కూర్చు ప్రయత్నము ఆరంభమైనప్పుడు దానికి సంజీవని యని పేరు పెట్టిరని చదివి నేను నవ్వుకొంటిని. పేరు మంచిదే. కొండను కాక మూలికను తెచ్చునట్లు దీవింతము.

వైద్యులను సంప్రదింపక నెలకొల్పిన వ్యవస్థ నిలువదు. లాస్‌ఏంజిల్సులోని సీడర్స్ సైనాయ్ అను మహావైద్యశాలవారు అట్టి వ్యవస్థను పెట్టి, ఒక్కొక్క ఆజ్ఞకు అనేక ప్రశ్నలడుగుచు కాలము హరించుచున్నదని వైద్యులు తిరుగబడగా, 2003లో కొన్ని మాసములకే ప్రక్కన పెట్టవలసివచ్చెను. తెర చూచుటలో మునిగి రోగి ముఖము చూడని వైద్యుని మనమును చూచుచునే యున్నాము. మఱియు యంత్రము కుంటుపడినచో నేమి గతి? 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ కంప్యూటర్లపై దుండగులు దాడిచేయగా, దాదాపు రెండు వారములు రక్తపరీక్షలు మొదలు పడకల లెక్కవరకు చేతివ్రాతతో నడిపిరి. నడుపగలిగిరి గనుక ప్రాణములు నిలిచినవి. చేతివ్రాత పుస్తకమును పూర్తిగ అటకెక్కింపరాదని నా మతము.

అంతకంటె భయపడదగినది వేరొకటి యున్నది. మొదటి గొట్టమునకే తప్పు కాగితమంటించినచో, ఆ తప్పు అందమైన అచ్చులో, ఏ తడబాటును లేక, చివరివరకు పోవును. చేతివ్రాతలో కొట్టివేత కనబడును, సిరా తేడా కనబడును. చూచినవానికి అనుమానము కలుగును. అచ్చుకాగితమును చూచి అనుమానించువాడు అరుదు. భూముల లెక్కలు కంప్యూటరున కెక్కినప్పుడు సర్వే నెంబరులో ఒక్క అంకె తారుమారై, తన తాతల పొలము తనదేయని ఋజువు చేయుటకు ఏండ్లకేండ్లు తిరిగిన రైతులు ఈ సభలోనే యున్నారు. "కంప్యూటరులో అట్లే యున్నదండీ" యను సమాధానము వారు మరువలేరు. భూమివిషయమున ఏండ్లు తిరుగవచ్చును. నెత్తుటి విషయమున అంత వ్యవధి లేదు.

ఫోను నెంబరునుగూర్చి ఒక మాట. ఫలితము ఫోనుకు వచ్చుచున్నది గదా, ఎవరి ఫోనుకు? మన యూళ్లలో ముదుసలులు తమకు ఫోను లేక పొరుగింటి పిల్లవాని నెంబరో, ఆశా కార్యకర్త నెంబరో, హైదరాబాదులోని అల్లుని నెంబరో చెప్పుచున్నారు. ఆ నెంబరు మారిపోయిన సంగతియు చెప్పరు. ఒక స్త్రీకి తన దేహమునుగూర్చి తానెరుగకమునుపే పరుల కెరుకపడుట న్యాయమా? ఈ వివరములను కాపాడుటకు 2023లో పార్లమెంటు చట్టము చేసినది. చట్టము ఢిల్లీలోనున్నది, నెంబరు చెప్పు కిటికీ మనయెదుట నున్నది. కిటికీవద్ద ఎవరి నెంబరు చెప్పుచున్నామో ఆలోచించి చెప్పవలెను.

నేను ఆచరించుచున్న పద్ధతిని మనవిచేసి విరమించెదను. రక్తము తీయువారు "మీరు ఫలానా కదా" యని యడిగినచో ఔనని తలయూపను. పేరును పుట్టిన తేదీని మా నోటితోనే చెప్పుదుము. తల యూపుట వలననే సగము పొరపాట్లు జరుగుననిపించును. కాగితమును గొట్టమునకు మా యెదుటనే అంటింపుమని మర్యాదగ కోరుదుము. ఒకమారు ఒక పిల్ల, "ఎందుకు బాబాయిగారూ, అన్నీ ఒకేసారి అంటిస్తాను" అనినది. నేను 147వ నెంబరు కథ చెప్పితిని. ఆమె మాటాడక, పెట్టెలోని గొట్టములన్నింటిని మరల ఒక్కొక్కటిగ సరిచూచినది. ఇంటికి వచ్చిన పిదప రసీదు నెంబరును, నివేదిక నెంబరును, వయస్సును పోల్చి చూచి, పాత నివేదికతో కలిపి దారమున గ్రుచ్చి యుంచుదును.

ఆనాటి రసీదును, ఆ నివేదికయొక్క నకలును చొక్కాజేబులో తెచ్చితిని. సభ ముగిసిన తరువాత చూడగోరువారు నా యొద్దకు రావచ్చును. నివేదికలో పేరున్నచోట కాగితమంటించి కప్పితిని. అంకెలు మాత్రము కనబడును.